చార్టమ్మ సంతకం

ఆ వృద్ధాశ్రమంలో నర్సుకి చార్టమ్మ అని పేరు పెట్టిందెవరో గానీ, ఊరికే పెట్టలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎదుటి మనిషి మాత్ర మింగకముందే చార్టులో టిక్కు పెట్టిన పాపాన పోలేదు ఆవిడ. "నోట్లో పడ్డాకే చార్టులో పడాలి," అనేది. మింగామని ఎంత మొత్తుకున్నా నమ్మేది కాదు. నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి మరీ చూసేది. ముసలివాళ్లు చాటుగా తిట్టుకునేవారు, ఆవిడ ఎదురుపడితే బుద్ధిగా నోళ్లు తెరిచేవారు.

అంతటి మనిషీ కొడుకు దగ్గరకొచ్చేసరికి మెత్తబడిపోయింది. చదువు కాక ఇంకేం చేశావో రాయమని కాలేజీ దరఖాస్తులో అడిగారు. వాడు చేసిందల్లా ఫోను చూడటం.

"రెండేళ్లుగా ప్రతి ఆదివారం మీ ఆశ్రమంలో పెద్దవాళ్లకి పేపరు చదివి వినిపించానని రాశానమ్మా. నువ్వో సంతకం పడేస్తే చాలు. అందరూ రాసేదేగా!" అన్నాడు.

వాడు ఆశ్రమం గుమ్మం తొక్కి ఎరగడు. ఆవిడ సంతకం పడేసింది.

వారం తిరక్కుండానే కాలేజీ నుంచి ఫోనొచ్చింది. పేపరు విన్న పెద్దవాళ్లలో ఒకరితో రేపు పదింటికి ఫోనులో మాట్లాడతారట. నిజం బయటపడితే వాడి సీటూ పోతుంది, తన ఉద్యోగమూ పోతుంది. ఆవిడ చివరి గదిలో ఉండే గడియారాల తాత దగ్గరికెళ్లింది. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన మనిషి, ఇప్పుడు అక్షరం కనబడదు. చూడటానికి ఎవరూ రారు.

"మావాడు చదివాడని ఒక్క ముక్క చెప్పండి తాతగారూ," అంది.

మర్నాడు పదింటికి ఫోనొస్తే, తాత ఒక్క ముక్కతో ఆపలేదు. "బంగారంలాంటి కుర్రాడండీ! ముందు చావు కబుర్లు చదవమంటే నవ్వేవాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా నా కళ్లజోడు డబ్బా బరువు పెట్టేవాడు. పోయిన వారం జలుబు చేసినా మానలేదు, ఆ కిటికీ దగ్గర దూరంగా కూర్చుని చదివాడు..."

పక్కనే నిలబడ్డ ఆవిడకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అప్పటికప్పుడు అల్లిన మాటలు కావవి. ఏళ్ల తరబడి ఒక్కడే కూర్చుని అనుకున్నవి.

ఫోను పెట్టేశాక, "బాగా చెప్పానా అమ్మా?" అన్నాడు తాత.

"చెప్పారు."

"అయితే ఈ ఆదివారం వస్తాడా?"

మాత్రల ట్రే తేవాలంటూ ఆవిడ బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నం మాత్ర ఇచ్చింది. తాత మింగి, అలవాటు ప్రకారం నోరు బార్లా తెరిచి నాలుక పైకెత్తాడు. తర్వాత, "చూసుకున్నావుగా, ఇక రాసుకో తల్లీ," అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, రోజూ అనే మాటే.

ఆవిడ ఆయన ముఖంలోకి చూడనే లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, తల దించుకుని, చూడకుండానే టిక్కు పెట్టింది.