ఫ్లెక్సు మీద ఏడు యుగాలు

మా అన్నయ్య బైబిల్లోని ఏడు యుగాల పటాన్ని ఫ్లెక్సు మీద వేయించాడు, ఫిల్మ్‌నగర్‌లో హీరోల పుట్టినరోజు బ్యానర్లు వేసే షాపులోనే. అందుకే కాబోలు ఏదెను తోట పాట సీనులా మెరిసిపోతోంది, చివర్న తీర్పు మంటలు ఫైటు సీనులా ఉన్నాయి.

వాడు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూనే బైబిలు కోర్సు చదివాడు. అప్పట్నుంచీ మమ్మల్ని బతకనివ్వడు. ఆదాము తోటలో ఉన్నంతకాలం నిర్దోష యుగం, బయటికి గెంటాక మనస్సాక్షి యుగం, ఇంకో రెండు దాటి మోషే వచ్చాక ధర్మశాస్త్ర యుగం. మనమున్నది కృపాయుగం, ముందుంది వెయ్యేళ్ల పాలన. దేవుడు ఒక్కో యుగంలో మనుషులతో ఒక్కో తీరుగా వ్యవహరించాడని, ఏ మాట ఎవరికి చెప్పాడో చూడకుండా ఎత్తి వాడుకోకూడదని వాడి పాఠం. పాఠం తప్పని నేననను. నాది సినిమా ఎడిటింగ్ పని, ఏ సీను ఎక్కడ ఆగాలో నాకూ తెలుసు. కానీ మనిషికి నోరెక్కడ ఆపాలో కూడా తెలియాలి కదా!

ఈ జనవరి ఒకటిన చర్చిలో బైబిలు వాక్యాల కార్డులున్న వాగ్దానాల బుట్ట తిప్పారు. అందరిలాగే అమ్మా కళ్లు మూసుకుని ఒక కార్డు తీసింది. ఇక ఏడాదంతా అదే తన వాక్యం. చావుబతుకుల్లో ఉన్న హిజ్కియా రాజుకి ఆయుష్షు పొడిగిస్తానని దేవుడు చెప్పిన మాట వచ్చింది. అమ్మ గుండెలో వాల్వు పాడైందని, ఆపరేషన్ తప్పదని డాక్టరు అప్పటికే చెప్పాడు. "నన్నిలా వదిలేయండి" అని ఏడుస్తున్న మనిషి ఆ కార్డు అద్దానికి అంటించి, "తారీఖు ఖాయం చేయించవే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం అన్నయ్య భోజనానికొచ్చి ఆ కార్డు చూశాడు. అంతే, కారులోంచి ఫ్లెక్సు తెచ్చి సోఫా మీద పరిచాడు.

"ఇదిగోమ్మా, హిజ్కియా ఇక్కడ, ధర్మశాస్త్ర యుగంలో. ఆ మాట ఆయనకి చెప్పింది. మనం ఇక్కడున్నాం. అది మనది కాదు."

"మరి నాదేదిరా?" అంది అమ్మ.

వాడు కృపాయుగం గడిలో వేలు పెట్టి, క్రైస్తవ సంఘం ఎలా పుట్టిందో అక్కణ్నుంచి మొదలుపెట్టాడు. పప్పు కలుపుకున్న చెయ్యి ఎండిపోతున్నా ఆవిడ అలాగే వింది. సాయంత్రానికి అద్దం మీద కార్డు లేదు. ఆపరేషన్ మాటెత్తితే, "మీ ఇష్టం" అంది, అదేదో పక్కింటావిడకి జరగబోతున్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి కడిగేశాను. "కన్నతల్లికి ధైర్యం చెప్పొద్దని ఏ యుగంలో రాసుంది?"

"లేని ధైర్యం ఇవ్వమంటావా? రేపేదైనా జరిగితే దేవుడు మాట తప్పాడని నువ్వే అంటావు," అన్నాడు.

ఠక్కున ఫోన్ పెట్టేశాను. కార్డు కోసం ఇల్లంతా వెతికాను. బైబిల్లో లేదు, పరుపు కింద లేదు, చెత్తబుట్టలోనూ లేదు. అమ్మనడిగితే, "మనది కానిది మనకెందుకే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ రోజు బంజారా హిల్స్ ఆసుపత్రిలో, ట్రాలీ మీద పడుకోబెట్టాక అమ్మ నా చెయ్యి వదల్లేదు. "ఆ కార్డు ఉంటే బావుండేదే," అంది నాతో. నేను అన్నయ్యని మింగేసేలా చూశాను. వాడు చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. చెమటకి తడిసి అంచులు మెత్తబడ్డాయి. ఆ ఆదివారమే అద్దం మీంచి తీసుకుపోయాడట.

"మనది కాదన్నావు కదరా?" అంది అమ్మ.

"పట్టుకోమ్మా," అన్నాడు, నావైపు చూడకుండా.

నర్సు అడ్డొచ్చింది. "అమ్మా, లోపటికి గివన్ని తీస్కపోవద్దు. బయట ఎవరికన్న ఇయ్యుండ్రి."

నేను చెయ్యి చాపాను. అమ్మ నాకివ్వలేదు. అన్నయ్యని వంగమని, కార్డు వాడి జేబులోనే పెట్టింది.

"నువ్వే ఉంచుకోరా. నాకంటే నీకే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది," అని, ట్రాలీ తోసే మనిషితో "ఇక పద నాయనా" అంది.