సత్రం ముసలమ్మ

మా తమ్ముడు పగలంతా కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఇంటికొచ్చాక ఎవరి సాయం లేకుండా, పాతకాలపు వీడియో గేముల్లా గళ్ళు గళ్ళుగా కనిపించే బొమ్మలతో, ఊరూరూ తిరిగి రాక్షసులతో పోరాడే గేము ఒకటి తయారుచేశాడు. సగం అవగానే అమ్మకానికి పెట్టాడు. మిగతా సగం చేయకుండానే గుండె ఆగి చనిపోయాడు.

ఆడినవాళ్ళ అభిప్రాయాలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. చదివేది నేనే. "అడవి అద్భుతం" అని ఒకరు, "సగంలో వదిలేసి హాయిగా పడుకున్నాడు" అని ఇంకొకరు. హాయిగానట! నాకు ఒళ్ళు మండిపోయింది.

నిన్న ఒకాయన రాశాడు: "నా వీరుడికి నేనే పేరు పెట్టుకున్నాను. గేములో సత్రం నడిపే ముసలమ్మ మాత్రం ఆ పేరుతో పిలవదు, ఎప్పుడు వెళ్ళినా 'చిన్నోడా, తిన్నావా?' అంటుంది. ఇంత చిన్న తప్పు దిద్దడం కూడా చేతకాదా?"

అది తప్పు కాదు నాయనా, మా అమ్మ. మతిమరుపు ముదిరాక పాలవాడైనా, డాక్టరైనా, నేనైనా ఆవిడకి చిన్నోడే. అసలు చిన్నోడు ఆవిడ పక్కనే కూర్చుని, నవ్వుకుంటూ ఆ ముసలమ్మకి మాటలు రాశాడు. వాడు ఇక లేడని చెప్పినప్పుడల్లా అమ్మ మొదటిసారి విన్నట్టే ఏడ్చేది. చెప్పడం మానేశాను.

ఇదంతా జవాబుగా టైపు చేస్తుంటే వంటింట్లోంచి కేక వినిపించింది.

"చిన్నోడా, తిన్నావా?"

"తిన్నానే అమ్మా," అన్నాను, అచ్చం వాడిలాగే.