బుస ఆగిందన్నాడు

అరబ్బు దేశంలో, ఘాలా లేబర్ క్యాంపులో మా రూమ్‌లో ఎనిమిది మందిమి. ఏడో క్లాసులో బడి మానేశాక నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, జోకులెయ్యడం. వాటికి పడీ పడీ నవ్వే మనిషి రూమ్ మొత్తానికి ఒక్కడే. ఆయనకి చెవులు వినబడవని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆయనది జగిత్యాల వైపు. వయసులో పెద్ద, అందరికీ అన్న. సైట్‌లో బ్రేకర్ మిషన్‌తో కాంక్రీటు పగలగొట్టడం డ్యూటీ. ఆ మోతకి చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. ఎంత పోయాయో ఆయనకీ తెలిసినట్టు లేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికే. వెనక్కొచ్చే లారీ హారన్ వినబడని మనిషిని ఏ ఫోర్‌మన్ ఉంచుకుంటాడు? ఊళ్ళో ఆయన ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు.

రూమ్‌లో బీరు పెట్టేదీ ఆయనే. మత్తులేని మాల్టు డ్రింకు, చక్కెర, బ్రెడ్డు ఈస్టు వాటర్ క్యాన్‌లో కలిపి, మూతికి గుడ్డ కట్టి మంచం కిందకి తోసేవాడు. పులుస్తున్నన్నాళ్ళూ లోపల సన్నగా బుస్సుమంటుంది. ఆ బుస పూర్తిగా ఆగాకే సీసాల్లో పోసి మూత బిగించాలి. తొందరపడితే లోపలి గాలికి గాజు పగులుతుంది. అందుకని అన్న రోజూ డ్యూటీ నుంచి రాగానే క్యాన్‌కి చెవి ఆనించి, డాక్టరులాగా కళ్ళు మూసుకునేవాడు. "ఇంకా కాలే" అంటే కాలేదు. "అయింది" అంటే అయినట్టే.

2008 ఎండాకాలంలో ఒకసారి మామూలుకన్నా ముందే, "అయిందిరా, సీసాలు కడుగుండ్రి" అన్నాడు. నేను సరదాకి చెవి పెట్టాను. లోపల పాము ఉన్నట్టుంది.

"అన్నా, ఇంకా బుసకొడుతోంది!"

ఆయన నా నోటి వంక చూసి పడీ పడీ నవ్వాడు. నేనేమన్నా జోకే కదా.

"బడిలో కూర్చోలేనోడివి, అన్నకి పాఠం చెప్తావా?" అన్నాడు పక్క మంచం వాడు. నిజమే, అన్న లెక్క ఎప్పుడూ తప్పలేదు. నా చెవే బాగోలేదేమో అనుకుని సీసాలు కడిగాను. నింపి, మూతలు బిగించి ఇనప అల్మారాలో దాచాం.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం క్యాంప్ బాస్ వచ్చాడు. పట్టుకోడానికి కాదు, తన సీసా కోసం. ప్రతిసారీ ఒకటి ఆయనకి ముట్టేది. అన్న ఇనప అల్మారాకి వీపు పెట్టి కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

అల్మారాలో సీసా పేలింది. వెంటనే ఇంకోటి. ఒకడు మంచం మీంచి దూకాడు, ఒకడు తల పట్టుకుని బోర్లా పడ్డాడు, క్యాంప్ బాస్ గుమ్మం బయటికి ఉరికాడు, ఆయన వెనకాలే నేను. తొంగి చూస్తే అల్మారా కిందనుంచి నురగ కారుతోంది. అన్న ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాడు. లుంగీకి తడి తగిలాక తలెత్తి మా మొహాలు చూశాడు. చూసి, నేనేదో జోకేశాననుకుని నవ్వాడు.

"ఇస్కో సునాయీ నహీ దేతా క్యా?" అన్నాడు క్యాంప్ బాస్. అల్మారా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"వినబడుతుంది సార్, ఉల్లిపాయల ధ్యానంలో ఉన్నాడు" అన్నాను. బాస్ కూడా నవ్వలేదు.

బీరు సంగతి అక్కడితో పోయింది. చెవుల సంగతి మర్నాడు ఆఫీసుకి చేరింది. మెడికల్‌కి తీసుకెళ్ళారు, వీసా క్యాన్సిల్ చేశారు. బ్రేకర్ మిషన్ ఇంకొకడికిచ్చారు. వాడికింకా చెవులున్నాయి.

వ్యాను వచ్చిన రోజు అన్న అట్టపెట్టెకి తాడు కట్టింది నేనే. ఆయన మొహానికి ఎదురుగా నిలబడి గట్టిగా అరిచాను: "అన్నా, ఇంతకాలం నా జోకు ఒక్కటీ వినకుండానే నవ్వావా?"

పెట్టె లోపలికి తోసి నావైపు తిరిగాడు.

"విన్నోళ్ళల్ల ఒక్కడన్న నవ్విండా తమ్మీ?"