మగ్గానికి సెలవు

మా అమ్మ పుట్టింట్లో మగ్గం ఉండేది. పోచంపల్లి వైపు ఆ నేత ఇళ్ళల్లో అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చిన అమ్మ మగ్గాన్ని అక్కడే వదిలేసింది గానీ, అమావాస్యను మాత్రం వెంట తెచ్చుకుంది. ఇక్కడ ఆమెది చీరలకు ఫాల్స్ కుట్టే మిషను. నెలంతా దాని ముందు వంగి, మధ్యలో లేచి మాకు వండి, జడలు వేసి, మళ్ళీ కూర్చునేది. అమావాస్య వస్తే మిషను మీద పాత దుప్పటి కప్పేసేది. పొయ్యి వైపు కన్నెత్తి చూసేది కాదు.

ఆ రోజు వంట నాన్నది. ఆయనకు వచ్చిందల్లా కిచిడీ, అదీ అడుగంటేది. దుకాణానికి ఆలస్యమవుతోందని గిన్నెల మీద విసుక్కుంటూ వండేవాడు. ఒకసారి తోడుకు పెరుగు కోసం వచ్చిన పక్కింటి గుంటూరావిడ, పొయ్యి దగ్గర నాన్నను చూసి కంగారుగా అమ్మను అడిగింది.

"ఏమండీ, ఒంట్లో బాగోలేదా?"

అమ్మ చాపిన కాళ్ళు ముడవలేదు. "మంచిగనే ఉన్న వదినా. ఇయ్యాల అమావాస్య. మగ్గానికే సెలవుంటది, నాకుండదా?"

మాకు మింగుడుపడని ఆ మాడు కిచిడీని అమ్మ లొట్టలేసుకుంటూ తినేది. "నేను వండలే గదా, మస్తుంటది" అనేది. తర్వాత మాతో గవ్వలాడేది, ఓడిపోతే తొండి చేసేది. మిగతా నెలంతా దొరకని ఆ అమ్మ కోసం నేను క్యాలెండర్లో నల్ల సున్నా వెతుక్కునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు నాకు ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాటు, ఇంటి నుంచే ఉద్యోగం, ఇల్లు పీకి పందిరి వేసే ఇద్దరు పిల్లలు. నిద్ర పట్టదు, తలనొప్పి తగ్గదు. విశ్రాంతి తీసుకోమని డాక్టరమ్మ చెబితే, చావడానికే తీరిక లేదు, ఇంకా విశ్రాంతా అని నవ్వొచ్చింది. కానీ ఈమధ్య పెద్దది నన్ను ఏదైనా అడగాలంటే ముందు నా ముఖం చూస్తోంది, కోపంగా ఉన్నానేమోనని. అదే నాకు భయం.

మొన్న అమావాస్య పొద్దున అమ్మ చెప్పకుండా మెట్రో ఎక్కి వచ్చేసింది. నేను ఒక చేత్తో ల్యాప్‌టాప్ మీద కొడుతూ, రెండో చేత్తో చిన్నదానికి ఉప్మా పెడుతున్నాను. అమ్మ మా ఆయన్ని అడిగింది.

"బాబూ, కిచిడీ చేయొస్తదా మీకు?"

ఆయన దిక్కులు చూస్తూనే వంటింట్లోకి నడిచారు. నేను అలవాటు కొద్దీ లేవబోయాను. అమ్మ బల్ల కింద వాచిన నా పాదాల వైపు చూసింది.

"దిగు బిడ్డా. మగ్గం దిగు."

ఆఫీసుకు సెలవు మెసేజ్ పెట్టి ల్యాప్‌టాప్ మూసేశాను. అమ్మ ఒళ్ళో తల పెట్టగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. అమ్మ తలకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది. పెద్దది వచ్చి, ఎప్పటిలాగే ముందు నా ముఖం చూసింది.

"అమ్మమ్మా, అమ్మకు జ్వరమా?"

"లేదు బిడ్డా. అమావాస్య."

అది చప్పుడు చేయకుండా వచ్చి నా పక్కన పడుకుంది.