కోడి తల ఎటు తిరిగింది

మా పెంగ్ అక్కది గట్టి మెడ. చుతుంగ్ ఊరి హక్కా జాతివాళ్ళం అందరం ఆ మాట మా గురించి గొప్పగా చెప్పుకుంటాం గానీ, అవసరం పడితే సగంమంది వంచేస్తాం, నాతో సహా. అక్క మాత్రం గ్యారేజీలో నాలుగు బల్లలు వేసుకుని గ్రాఫిక్స్ కార్డులు చెయ్యడం మొదలుపెట్టిన నాటినుంచీ ఎవరికీ తల వంచలేదు, ఒక్క చిప్పుల కంపెనీకి తప్ప.

దానికి వంచక తప్పదు. కార్డుకు ప్రాణం ఆ చిప్పే. అది వాళ్ళిస్తారు, మిగతాదంతా మేం చేస్తాం. చిప్పు ధర మాత్రం కార్డులు తయారై పెట్టెల్లోకి ఎక్కాకే చెప్తారు. ఈలోగా అదే కార్డు తమ పేరుతో మాకన్నా చవగ్గా అమ్ముకుంటారు. ఇదేం న్యాయమని అడిగామా, మరుసటి విడతలో మాకిచ్చే చిప్పుల వాటా చిక్కిపోతుంది. కొనుగోళ్ళు చూసేది నేనే కాబట్టి రెండువైపులా తిట్లు నాకే.

ఆ ఏడు వాటా సగానికి పడిపోయింది. ఎవరి పనో పోతుందని అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే ఏడాది చివరి విందు వచ్చింది. ఆ విందులో ఉడికించిన కోడిని తలతో సహా పెడతారు. యజమాని ఆ తల ఎవరివైపు తిప్పితే వాళ్ళు కొత్త ఏడాది పనికి రానక్కర్లేదని పాతకాలపు మాట. అక్క ఏటా తల తనవైపే పెట్టించుకునేది, మేం నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

వడ్డించే ఆవిడ హడావిడిలో పళ్ళెం పెట్టేసి పోయింది. కోడి ముక్కు సూటిగా ల్యావ్ మామ వైపు! మామ ఇంటిల్లిపాదీ ముందుగదిలో కూర్చుని మా కార్డులకు ఫ్యాన్లు బిగించి ఇస్తారు. అన్నం తినే పుల్లలు ఆయన చేతిలో ఆగిపోయాయి.

"అది పొరపాటు మామా," అంటూ అక్క లేచి పళ్ళెం తిప్పింది. తల నన్ను దాటింది, లెక్కలాయన్ని దాటింది, అక్కని కూడా దాటింది. అతిథిగా వచ్చిన ఫాన్ ముందు ఆగింది. ఫాన్ మా ఊరివాడే, చిప్పుల కంపెనీలో మేనేజరు.

"ఏంటక్కా, నన్ను పీకేస్తున్నావా?"

"నిన్ను కాదురా, మీ కంపెనీని. వచ్చే ఏడు మీ కార్డులు మేం చెయ్యం."

ఫాన్ మొహంలో నవ్వు పోయింది. "మా పేరు మీదే కదక్కా నీ సరుకు అమ్ముడుపోయింది? మా చిప్పు లేకపోతే నిన్ను పలకరించేదెవరు?"

"అమ్ముడుపోయింది, కాదన్లేదు. కానీ ధర చెప్పకుండా పని చేయించుకుని, అంతా అయ్యాక ఇదీ రేటు అంటారే, దాన్ని భాగస్వామ్యం అంటార్రా? గొంతు మీద కాలేసి, పైగా భుజం తడతారు!"

చప్పట్లు కొడదామనిపించింది. భయం అడ్డొచ్చింది. రేపట్నుంచి మా బతుకేమిటి?

అంతలో ల్యావ్ మామ అక్కని పేరుపెట్టి పిలిచాడు. "లీయింగూ, నాకు నువ్వు రేటు ఎప్పుడు చెప్పావమ్మా?"

అక్క అర్థంకానట్టు చూసింది.

"సరుకు నీకు చేర్చాకే కదా. 'చిప్పు ధర తేలనీ, చూద్దాం మామా' అనేదానివి. నేనూ సరేననేవాణ్ణి. నువ్వు తప్ప మాకు దిక్కెవరు?"

అక్క మొహాన నెత్తురు చుక్క లేదు. నాకు ముసలాయన మీద ఒళ్ళు మండిపోయింది, ఇదా సమయం! కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అక్క కోడి తల తనవైపు తిప్పుకుని కూర్చుంది. ఫాన్ తినకుండానే వెళ్ళిపోయాడు.

మా వాటా రోడ్డవతలి కంపెనీకి పోయింది. మాలో సగంమంది దాని వెనకే పోయారు, తప్పుపట్టను. చేపల చెరువుల్లో గాలి కొట్టే మోటార్లకు సర్క్యూట్ బోర్డులు చేసే పని ఎలాగో సంపాదించి, అక్క ల్యావ్ మామ ఇంటికి వెళ్ళింది. వెంట నేనూ ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామా, పని మొదలెట్టకముందే చెప్తున్నా. రేటు తక్కువ," అని అదెంతో చెప్పింది.

మామ భార్య వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అయితే వద్దులే, లీయింగూ," అన్నాడు మామ. ఎంత తేలిగ్గా అన్నాడో! అలా వద్దనే వీలు మాకు ఎవరూ, ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

"సరే మామా," అంది అక్క. ఆ బోర్డులకు స్క్రూలు అక్కా నేనూ కూర్చుని బిగించాం.