మూడున్నర వడ్డీ

తెలంగాణ ఉద్యమ కాలంలో జనగామ దీక్షా శిబిరంలో దోపిడీ మీద రోజూ ఉపన్యాసం దంచేవాణ్ణి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ గుంజే మా వీధి సేటునూ వదల్లేదు. "నా క్రెడిట్ కార్డుకు మూడున్నరే, అదీ ఏడాదికి!" అని మైకులో గొప్పలు పోయాను. బ్యాంకులు వడ్డీని ఏడాదికే చెబుతాయని నా సొంత లెక్క. ఆ ధైర్యంతోనే కార్డు మీద బోరు మోటారు కొన్నాను.

తీరా చూస్తే మూడున్నర నెలకట! ఎంత అన్యాయం! మోటారు నీళ్లు తోడేదానికంటే జోరుగా కార్డు నన్ను తోడేస్తోంది. ఆ అప్పు తీర్చడానికి చివరికి సేటు దుకాణమే ఎక్కాను.

"ఏంది బాపు, ఏడాది వడ్డీ నెలకే వచ్చిందా? కూసో, రెండు రూపాయలకే ఇస్త. గని రేపు మైకుల నన్ను జర ఇడిసిపెట్టు."

మర్నాడు శిబిరంలో నిధుల సంగతి వదిలేసి, నీళ్ల గురించి మాట్లాడాను.