ఉలువ తీగ కాలిన వాసన

మా చిన్నప్పుడు... ఖానాపూర్ దిక్కు మా ఊళ్ళె డాంబర్ రోడ్డే కల్లం. ఉలువ తీగ పీకి, ఎండినంక రోడ్డు మీద పరుస్తుంటిమి. బస్సో లారో దాని మీదికెల్లి పోతె కాయ పలిగి గింజ రాలేది. కట్టెతోని కొట్టే పనే లేదు. మేం చీపురు వట్టుకొని పక్కకు కూసునేది...

గా పొద్దు రోడ్డు మీద మా ఒక్కల ఉలువలే ఉన్నయ్. మబ్బు వట్టింది. వానొస్తదని మా బాపు తొందరవడ్డడు. పల్చగ పరువాల్సిన తీగను మోకాలెత్తు ఏసిండు. నన్ను కన్న అవ్వ అననే అన్నది... "గంత దొడ్డుగ వద్దయ్యా, బండ్లకు సుట్టుకుంటది" అని. ఇన్నడా? ఇనలే.

గప్పుడే నల్ల కారొచ్చింది. కట్టెల గుత్తదారుది. అడవిల కొట్టిన దుంగలు మా బాపు ఎడ్లబండి గట్టి ఆయనకే మోసేటోడు. గా కిరాయే మా ఇంటి బువ్వ. ఆయనకు కోపమొస్తే మా పొయ్యి ఆరినట్టే.

కారు మా ఉలువల మీదికెల్లి పోయి, నీళ్ళు పారే మోరి దాటంగనే ఆగింది. అందరం ఉరికినం. ఎన్క సీట్ల గుత్తదారు బిడ్డ, ఆమె ఒళ్ళె నెలల పిల్ల. "నాయినా, ఏదో కాలుతున్నది" అంటుంది ఆమె. గుత్తదారు చెవుల అత్తరు దూది వెట్టుకున్నడు... ఆయనకు అత్తరు తప్ప ఇంకో వాసన ఎట్ల తెలుస్తది? "ఏం లేదు, నడువు" అంటుండు.

డ్రైవర్ ఖాసీం బానెట్ లేపిండు. నీళ్ళు సూసిండు, ఉన్నయ్. వైర్లు ఒక్కొక్కటి ముట్టిండు, సల్లగున్నయ్. చక్రాల కాడ ముక్కు వెట్టి బిరేకులు వాసన సూసిండు. "రబ్బర్ గాదు, ఆయిల్ గాదు... క్యా హై గిది!" అని నెత్తి గోక్కున్నడు. జర దూరం నడిపిండు... మళ్ళ వాసన. ఆపితే తక్కువ, నడిపితే ఎక్కువ. కారు కిందికి మాత్రం వంగి సూడలే. ఇస్త్రీ అంగీకి మన్నంటితె ఎట్ల మరి!

నాకు తెలుసు. ముక్కుకు తగలంగనే తెలిసింది. రోజూ పొద్దుగాల అవ్వ పొయ్యి ముట్టిచ్చేది ఎండిన ఉలువ తీగతోనే... గదే వాసన. మా తీగే కారు కింద సుట్టుకొని కాలుతున్నది. బాపుకు గూడ తెలిసింది. మొఖం తెల్లవోయింది.

ఖాసీం నన్నే అడిగిండు. "ఏం పోరడా, నీకేం వాసనొస్తుంది?"

బాపు నా భుజం గట్టిగ వట్టిండు. నేను... "నాకేం వాసన రాలే" అన్న.

ఛీ. గిప్పటికీ గా మాట యాదికొస్తే నోరంత చేదయితది. కారుల పసిపిల్లను సూసుకుంటనే అన్న.

ఖాసీం బానెట్ దించిండు. పోదామని డోర్ తీసిండు.

గప్పుడు అవ్వ చీపురు పారేసి వచ్చింది. నా దిక్కు సూసి థూ అని ఉమ్మింది... మట్టిలనే, గని నా మొఖం మీద వడ్డట్టే అయింది. "గది ఉలువ తీగ వాసన. మాదే. దొడ్డుగ పరిచింది మేమే. ముందుగాల పిల్లను దించు బిడ్డా" అన్నది.

"ఏయ్, నీకేం తెల్సే? నోర్ముయ్" అని బాపు గుడ్లురిమిండు.

"నీకు తెల్వదా?" అన్నది అవ్వ. గంతే.

కొడవలి వట్టుకొని కారు కిందికి దూరింది. బయటికి గుంజితే సూసినం... తాడు లెక్క పెనేసుకున్న తీగ. సగం నల్లగ, సగం ఎర్రటి నిప్పు. సైలెన్సర్ గొట్టానికి అతుక్కొని రాజుకుంటుంది. అవ్వ సెయ్యి బొబ్బలెక్కింది. ఖాసీం గప్పుడు అంగీ సంగతి మర్చిపోయి, మట్టిల మోకాళ్ళ మీద వడి నీళ్ళు కొట్టిండు. "అమ్మా, జర ముందుకు పోతే పెట్రోల్ టాంకీ అంటుకుంటుండె" అన్నడు.

గుత్తదారు ఒక్క మంచి మాట గూడ అనలే. కారెక్కుకుంట బాపుతోని "రేపటి సంది బండి కట్టకు" అన్నడు. "నీ బాంచెన్ దొరా" అనుకుంట బాపు కారెంబడి ఉరికిండు. ఆయన అద్దం ఎక్కిచ్చుకొని పోయిండు.

గా ఎండకాలమంత బువ్వ లేక జొన్న గట్కతోనే ఎల్లదీసినం. బాపు నెల దినాలు అవ్వతోని మాట్లాడలే. పెద్దగైనంక ఓసారి అడిగిన... "ఎందుకు జెప్పితివే అవ్వా?"

"నువ్వు జెప్పకపోతివి గదరా" అన్నది.

మొన్న మా మనుమని కారుల కరీంనగర్ పోతున్నం. రోడ్డు మీద పొడుగునా ఆరవోసిన వరిగడ్డి, వడ్లు. కాలుతున్న వాసనొచ్చింది. "బయట ఎవలో గడ్డి కాలవెడుతున్నరు తాతా" అని వాడు అద్దాలెక్కిచ్చి ఏసీ పెంచిండు. అద్దం కాడ సెంటు సీస ఏలాడుతుంది... గుత్తదారు చెవుల దూది తీరు. అసయ్యమేసింది.

"ఆపు" అన్న. నేనే కింద పండుకొని సూసిన. సైలెన్సర్ కాడ గడ్డి ముద్ద ఇరికి పొగలొస్తున్నయ్. కట్టెతోని గుంజి, సీసల నీళ్ళు వోసిన. వాడు ఫోన్ సూసుకుంట నిలవడ్డడు. "అంగీ ఖరాబయితది తాతా, షోరూమోళ్ళు సూసుకుంటరు" అనుకుంట.

మళ్ళ కారెక్కినంక మెల్లగ అన్నడు... "నాకు ఊరు దాటంగనే తెలిసింది తాతా. ఏమైతదిలే అనుకున్న."

ఉమ్ముదామనిపించింది. ఉమ్మలే. గా ఉమ్మే హక్కు మా అవ్వకుండె... నాకు లేదు.

గప్పుడు రోడ్డు మీద కారాగితే ఊరంత ఉరికొచ్చేది. గిప్పుడు మన కిందనే కాలుతున్నా అద్దాలెక్కిచ్చుకొని పోతున్నం... మీరు గూడ ఎప్పుడన్న, వాసనొచ్చి రాలేదన్నరా? అనుంటె కింద కామెంట్ల రాయుండ్రి. నేనైతే రాసిన.